మా పెద్దమ్మ ప్రార్థన మనవి

హిప్నాసిస్‌కి నేను వెళ్లింది మా పెద్దమ్మ మీద కక్ష తీర్చుకోవడానికి. డాక్టరు గారికి మాత్రం గుండెదడ తగ్గాలని వచ్చానని చెప్పాను. అదీ అబద్ధం కాదు. దడ తగ్గితే తప్ప మైకు ముందు నిలబడలేను. మైకు ముందు నిలబడితే తప్ప ఆవిడ నాకు చేసింది ఆవిడకి తిరిగి చేయలేను. ఆ రోజుల్లో నాకు వేరే ఆశ ఏమీ లేదు.

ముందు ఆవిడెవరో చెప్పాలి. మా అమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి చదువుతున్నాను. అమ్మకి అక్క నన్ను పామర్రు దగ్గర తన ఊరికి తీసుకెళ్లి పెంచింది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. గంజి పెట్టిన నేత చీర, చేతిలో తడి కర్చీఫు, హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. ఊళ్లో మా చర్చి స్త్రీల సమాజానికి ఆవిడే ప్రెసిడెంటు. ఆదివారం ఎవరు బైబిల్ వాక్యం చదవాలి, ఎవరు పాట ఎత్తుకోవాలి, ఎవరు సాక్ష్యం చెప్పాలి, అన్నీ ఆవిడ నోటుపుస్తకంలో ఉంటాయి.

నాకు పన్నెండు నిండగానే వాక్యం చదవడానికి నిలబెట్టింది. "చివరి వరసలో ముసలమ్మలక్కూడా వినపడాలే. మైకుని నమ్ముకోకు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు" అనేది. తను మాత్రం అందరికంటే వెనక, గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. నా గొంతు అక్కడిదాకా వస్తే చెయ్యి పైకెత్తేది. రాకపోతే చెవి పట్టుకుని చూపించేది. ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ చేతిని చూసుకునే చదివాను. పెళ్లయి పటమట వచ్చాక కూడా, నా వంతు ఉన్న ఆదివారం మా ఆయన బండి మీద ఊరెళ్లి చదివి వచ్చేదాన్ని.

అలా చదువుతుండగానే మొదటిసారి ఆ దడ వచ్చింది. ఉన్నట్టుండి అక్షరాలు అలుక్కుపోయాయి. వేళ్లు మొద్దుబారాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఇక్కడే, ఇంతమంది ముందే చచ్చిపోతున్నానని గట్టిగా అనిపించింది. పుస్తకం మూసేసి, ఎవరి వైపూ చూడకుండా దిగి బయటికి నడిచాను. చర్చి వెనక బోరింగు గట్టు మీద పది నిమిషాలు కూర్చుంటే అంతా మామూలైపోయింది. సిగ్గు ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత అది నన్ను వదలలేదు. సిటీ బస్సులో వచ్చింది, బ్యాంకులో టోకెన్ పట్టుకుని నిలబడితే వచ్చింది, నేను పనిచేసే స్కూలు ఆఫీసులో అడ్మిషన్ ఫారాలు తిరగేస్తుంటే వచ్చింది. గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, గుండె గట్టిగానే ఉందనీ, వీటిని పానిక్ అటాక్‌లంటారనీ చెప్పి పంపించాడు. జబ్బుకి ఒక పేరు దొరికింది కానీ బస్సెక్కడం మాత్రం రాలేదు.

ఇది తెలిసి పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసాతో పటమట వచ్చింది. బస్సు ఎక్కదు కాబట్టి ఎప్పటిలాగే మూడు ఆటోలు మారి వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైందే నీకు? నాకు చెప్పవా?"

చెప్పాను. బస్సు సంగతి, బ్యాంకు సంగతి, కిటికీ పక్క సీటు లేకపోతే ప్రాణం ఎలా కొట్టుకుంటుందో, అన్నీ చెప్పాను. ఆవిడ ఒకటే ప్రశ్నలు. ఊపిరి అందనట్టు ఉంటుందా, చచ్చిపోతానేమో అనిపిస్తుందా, ఎంతసేపు ఉంటుంది, దానంతట అదే పోతుందా, డాక్టరు దానికేమన్నాడు. ఇంత శ్రద్ధగా అడుగుతోందంటే నా మీద ఎంత ప్రేమో అనుకుని ఏడ్చేశాను.

"ఎవరితోనూ అనకు పెద్దమ్మా" అన్నాను.

"నేనెందుకంటానే, పిచ్చిదానా" అంది.

సరిగ్గా ఐదు రోజులకి ఆదివారం వచ్చింది.

మా చర్చిలో పాటకీ ప్రసంగానికీ మధ్య ప్రార్థన మనవుల సమయం ఉంటుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా మైకు దగ్గరకొచ్చి చెప్పుకుంటారు, పాస్టరు అయ్యగారు వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. మోకాలి ఆపరేషన్లు, పిల్లల పరీక్షలు, కుదరని సంబంధాలు. ఊరి వార్తలన్నీ అక్కడే తెలుస్తాయి. పెద్దమ్మ ఎప్పుడూ గుమ్మం దగ్గర నుంచే చీటీ రాసి పంపేది. ఆ రోజు మాత్రం తనే లేచి, బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ మైకు దాకా వచ్చింది.

"మా అమ్మాయి గురించండీ. నా చెల్లెలి కూతురు. మీ అందరికీ తెలుసుగా, వాక్యం చదువుతుంది. ఆ పిల్లకి భయం పట్టుకుందండీ. జనంలో కూర్చోలేకపోతోంది, బస్సెక్కలేకపోతోంది. ఆఖరికి స్నానానికెళ్లినా తలుపు గడియ పెట్టుకోలేకపోతోందండీ. గడియ పడితే ఇంక బయటికి రాలేనేమో, అందులోనే పోతానేమో అని భయం. ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపలే చస్తోంది. దయచేసి ప్రార్థన చెయ్యండి."

చివర్లో గొంతు వణికించింది కూడా. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. తల కొట్టేసినట్టయింది.

బస్సు సంగతి చెప్పిందంటే పోనీలే అనుకుందును. కానీ గడియ! నేను గడియ పెట్టుకుంటాను. మొదటి నుంచీ పెట్టుకుంటూనే ఉన్నాను. నేను చెప్పినవి చాలవన్నట్టు, ఇంత మసాలా దంచి కలిపి నన్ను సంఘం మధ్యలో నిలబెట్టింది. స్నానాల గది తలుపు తీసి మరీ నిలబెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అయ్యో అంటుంటే నా ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నేను మనిషిని కాకుండా పోయాను. ఒకావిడ అభిషేకతైలం సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకొకావిడ పామర్రు సెంటర్లో పదిమంది వింటుండగా, "ఇప్పుడు గడియ పెట్టుకోగలుగుతున్నావా తల్లీ?" అని అడిగింది. మగవాళ్లు నన్ను చూసి చూపు తిప్పుకునేవాళ్లు, వాళ్లేం ఊహించుకుంటున్నారో నాకు తెలుసు. వాక్యం చదివేవాళ్ల జాబితాలో నా పేరు కొట్టేసి ఉంది. అడిగితే, "నీకు నెమ్మదించేదాకా విశ్రాంతి తీసుకోవే" అంది పెద్దమ్మ. ఇరవై ఏళ్ల నా చోటు పెన్సిలు గీతతో పోయింది. ఇంటికొచ్చి స్నానానికి వెళ్లి, వీధి చివరిదాకా వినపడేలా గడియ కొట్టాను. "ఎవరి మీదే ఆ కోపం?" అని మా ఆయన బయట నుంచి అరిచాడు.

అక్కడే నిర్ణయించుకున్నాను. రోగం తగ్గితే సాక్ష్యం చెప్పడం మాలో ఆచారం. బాగయిపోయి, సాక్ష్యం చెప్తానని అదే మైకు దగ్గరకెళ్లి, అదే జనం ముందు ఆవిడని కడిగేస్తాను. ఏం చెప్పాలో నాలుగు కాగితాలు రాసి పెట్టుకున్నాను. మానసిక డాక్టరు రాసిచ్చిన మందులు దడని కొంత తగ్గించాయి కానీ మైకు ఊహించుకుంటే చాలు, వేళ్లు మొద్దుబారేవి. అప్పుడు మందులిచ్చే డాక్టరే, ఇది కూడా చేసి చూడండని హిప్నోథెరపీకి పంపించాడు.

ఆ గది విజయవాడలో ఒక కళ్లజోళ్ల షాపు పైన ఉంది. వరండా నిండా కాలేజీ యూనిఫారాల్లో పిల్లలు, పక్కన తల్లులు. పరీక్ష హాల్లో చదివిందంతా మరిచిపోతున్నారని తీసుకొచ్చారు. ఒక తల్లి నన్ను చూసి, "మీ పాపది నీటా, ఎంసెట్టా అండీ?" అంది.

"పాపని నేనేనండి" అన్నాను.

గదిలో పెద్ద బొమ్మలు, ఊగే గడియారాలు, మెరిసే కళ్లు ఉంటాయనుకున్నాను. వెనక్కి వాలే ఒక కుర్చీ, గోడ మీద ఒక నల్ల చుక్క, బ్యాంకు మేనేజరులా కనిపించే ఒక పెద్దాయన ఉన్నారు. ముందు గుండె పరీక్షల కాగితాలు అడిగి తీసుకుని, చదివి, అప్పుడు మాట్లాడారు.

"ఇది నిద్రపుచ్చడం కాదమ్మా. మీకు అన్నీ వినపడుతూనే ఉంటాయి. మీ ధ్యాసని ఒకచోట నిలబెడతాం. మీకిష్టం లేనిది నేనేం చేయించలేను. ఇంతకీ మీకు ఏం కావాలి?"

"చర్చిలో పది నిమిషాలు మైకు ముందు నిలబడాలండి."

"మంచి లక్ష్యం" అని రాసుకున్నారు పాపం.

చుక్కని చూస్తూ చూస్తూ రెప్పలు బరువెక్కాక, కళ్లు మూసుకుని కాలువ రేవు మెట్లు పది ఊహించుకోమన్నారు. ఒక్కో మెట్టు దిగుతుంటే ఒళ్లు ఒక్కో చోట వదులవుతుందని చెప్పారు. నిజంగానే వదులైంది. చేతులు కుర్చీలోకి దిగబడిపోయాయి.

"నీళ్ల దగ్గర ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"మా పెద్దమ్మ ఉందండి."

"ఏం చేస్తున్నారు?"

"నేను తోసేస్తున్నానండి."

ఆయన అదే మెత్తటి గొంతుతో, "తోసింది చాలమ్మా, ఇంక మెట్లెక్కి రండి" అన్నారు.

ఆ గొంతు రికార్డు చేసి ఫోన్లో ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం స్కూల్లో భోజనం అయ్యాక స్టోర్ రూమ్‌లో కూర్చుని వినేదాన్ని. దడ మొదలవగానే బొటనవేలితో చూపుడువేలిని నొక్కి, ఊపిరి నిదానంగా వదలడం నేర్పారు. ఒళ్లు వదులైనప్పుడల్లా అలాగే నొక్కిస్తూ వచ్చారు కాబట్టి, నొక్కగానే ఒంటికి ఆ వదులు గుర్తుకొచ్చేది. పటమట నుంచి బెంజిసర్కిల్ దాకా ఒక్క స్టాపు బస్సులో వెళ్లాను. తర్వాత కంకిపాడు దాకా. తర్వాత కిటికీ లేని సీట్లో ఉయ్యూరు దాకా. ప్రతి స్టాపులోనూ నేను ప్రశాంతత గురించి ఆలోచించాలి. నేను పెద్దమ్మ మొహం ఎలా పాలిపోతుందో ఆలోచించేదాన్ని. అది కూడా బాగానే పనిచేసింది.

ఐదోసారి వెళ్లినప్పుడు ఆయన కాలువ రేవు మార్చేశారు. నాకు ఆ రేవు పనికి రాదని ఆయనకి అర్థమైపోయింది. "చిన్నప్పుడు మీకు ఏ చింతా లేకుండా ఉన్న చోటు ఒకటి చూడండి" అన్నారు. నా ప్రమేయం లేకుండానే పెద్దమ్మ ఇంటి పెరట్లో స్నానాల గది వచ్చింది. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ల పొగ వాసన, సిమెంటు తొట్టి, సున్నిపిండి. అమ్మ పోయిన కొత్తలో అందులో కూర్చుని ఎంతసేపు ఏడ్చినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఆ ఇంట్లో పద్ధతేమిటంటే, లోపలికెళ్లేవాళ్లు తలుపు మీద తువ్వాలు వేయాలి. తువ్వాలు ఉంటే ఎవరూ తలుపు తీయరు.

"తలుపు ఎలా ఉంది?" అన్నారు డాక్టరు గారు.

ఆకుపచ్చ రంగు వేసిన తలుపు. దాని మీద లోపలి వైపు నాలుగు మేకుల కన్నాలు. గడియ పీకేసిన చోటు.

కళ్లు తెరిచేశాను. ఆ ఇంట్లో గడియ లేదు. నేనున్న పదేళ్లూ లేదు. పిల్లలు లోపల జారిపడితే ఎలాగని పీకించానని ఆవిడ చెప్పేది. ఆ ఇంట్లో నేను తప్ప వేరే పిల్లలెవరున్నారు? గుమ్మం పక్కన కుర్చీ, తడి కర్చీఫు, నిమ్మకాయ, బస్సు వదిలేసి మూడు ఆటోలు. అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ఒళ్లో పడ్డాయి. మైకులో చెప్పిన ఆ గడియ నాది కాదు. తన రోగాన్ని నా పేరు పెట్టి చెప్పుకుని, తన కోసం సంఘం చేత ప్రార్థన చేయించుకుంది.

డాక్టరు గారు హెచ్చరించారు. "ఈ స్థితిలో గుర్తొచ్చిందంతా నిజమని నమ్మేయకండి. మనసు కల్పిస్తుంది కూడా."

ఇంటికెళ్లి మా ఆయన్ని అడిగాను, మా పెద్దమ్మ ఇంట్లో స్నానాల గదికి గడియ ఉండేదా అని. "ఎక్కడిది? పెళ్లయిన కొత్తలో ఎవరొస్తారోనని ఒక కాలితో తలుపు తన్నిపట్టి స్నానం చేశాను కదా" అన్నాడు. ఆయన అమాయకంగా నవ్వుతుంటే నేనూ నవ్వాను. నెలల తర్వాత అంత హాయిగా నవ్వడం అదే. జాలి వేయాల్సిన చోట నాకు సంతోషం వేసింది, ఆ మాట దాచను. నాలుగు కాగితాలూ చింపేశాను. ఇంక వాటి అవసరం లేదు.

శనివారం పెద్దమ్మకి ఫోన్ చేశాను. "రేపు సాక్ష్యం చెప్తాను. పేరు రాసుకో."

"నెమ్మదించిందా అమ్మా? నిజంగా? పూర్తిగా పోయిందా?" ఆవిడ గొంతులో ఏడుపు వినపడింది. "ఎలా తగ్గిందే? ఏం చేశావు? నాకు చెప్పు."

అంత ఆత్రంగా ఎందుకు అడుగుతోందో ఈసారి నాకు తెలుసు.

"మైకులో చెప్తాగా పెద్దమ్మా" అన్నాను.

ఆదివారం పొద్దున్నించీ ఒకటే వాన. ఈదురుగాలికి జల్లు లోపలి బెంచీల మీదకి కొడుతోందని చర్చి తలుపులు రెండూ మూసి, పైన బోల్టు పెట్టారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది. మూసిన గుమ్మం పక్కన. కర్చీఫు మూతికి నొక్కుకుని ఉంది.

నా పేరు పిలిచారు. బెంచీల మధ్య నుంచి మైకు దాకా నడిచాను. మైకు పట్టుకోగానే వేళ్లు చల్లబడ్డాయి, చెవుల్లో గుండె మొదలైంది. బొటనవేలితో చూపుడువేలు నొక్కాను. ఊపిరి నిదానంగా వదిలాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నా గొంతు నాకు దొరికింది.

"అందరికీ వందనాలండీ. నాకు నెమ్మదించింది. నా కోసం ప్రార్థన చేసినవాళ్లకి కృతజ్ఞతలు. ఒక్క సంగతి సరిచేయాలి. స్నానాల గది గడియ పెట్టుకోలేనిది నేను కాదు. మా పెద్దమ్మ. ఆవిడ ఇంట్లో తలుపుకి గడియ లేదు, నా చిన్నప్పటి నుంచీ లేదు. జనం మధ్యలో కూర్చోలేకే ఆవిడ ఇన్నేళ్లూ గుమ్మం పక్కన కూర్చుంటున్నారు. సిగ్గుపడి నా పేరు మీద అడిగారు. ఇది నా మనవి. దయచేసి ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి."

ఎంత తియ్యగా చెప్పానో! ఆవిడ వాడిన మాటలే, ఆవిడ నేర్పిన గొంతుతోనే, ప్రతి ముక్కా విడివిడిగా పలికాను. బెంచీలన్నీ కిర్రుమన్నాయి. సంఘం మొత్తం వెనక్కి తిరిగి ఆవిడని చూసింది.

అయ్యగారు మంచివారు. ఇందులో పగ ఉందని ఆయనకి తట్టలేదు. "ప్రార్థిద్దాం" అన్నారు వెంటనే. అందరూ కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచి ఉన్నది మేమిద్దరమే. ఆవిడ లేచి తలుపుకి ఆనుకుంది. నోరు తెరిచి గాలి కోసం వెతుకుతోంది, మొహం పాలిపోయింది. ఇన్ని నెలలు నేను బస్సుల్లో ఊహించుకున్నది అచ్చం అలాగే ఉంది. ఏమవుతోందో ఆ చర్చిలో నాకొక్కదానికే తెలుసు. వెళ్లి వేలు నొక్కి పట్టుకుని, ఊపిరి వదులు పెద్దమ్మా, పది నిమిషాల్లో పోతుంది, చచ్చిపోవు అని చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నేను మైకు దగ్గర నుంచి కదల్లేదు. ఆవిడ నా వైపే చూస్తూ కుడిచెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి బోల్టు కోసం లేచిందో, వినపడిందని చెప్పడానికి లేచిందో ఇప్పటికీ నాకు తెలియదు. బోల్టు ఊడింది. గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయింది. ఆమెన్ అన్నారు అందరూ.

తిరుగుదారిలో, ఉయ్యూరులో వాన తగ్గేదాకా ఒక టీ కొట్టు చూరు కింద ఆగాం. "తృప్తిగా ఉందా?" అన్నాడు మా ఆయన. ఉందన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆ టీ నాకు చాలా రుచిగా ఉంది.

ఆ వారంలోనే జాబితా వచ్చింది. నా పేరు మళ్లీ ఎక్కింది, నెలకి రెండు ఆదివారాలు. పెద్దమ్మ గుండ్రటి టీచరు చేతిరాత, ఈసారి పెన్సిలు కాదు, పెన్ను. జాబితాతో పాటు ఆ నోటుపుస్తకం కూడా వేరేవాళ్ల చేతికి ఇచ్చి పంపించేసింది. ఆ తర్వాత ఆవిడ చర్చికి రావడం మానేసింది. సంఘంలో ఆడవాళ్లు తైలం సీసాలు పట్టుకుని ఆవిడింటికి వెళ్తున్నారని విన్నాను. ఏమేం అడుగుతారో నాకు తెలుసు.

డాక్టరు గారి కార్డు నా హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉంది. ఆవిడకి ఇవ్వాలంటే ఆ ఇంటికి వెళ్లాలి, పెరటి తలుపు చూడాలి. నా పేరు ఆవిడ అలా వాడుకున్నందుకు నాకు ఇంకా కోపం ఉంది. ఎంత ఉందో కొలుచుకుంటూ చర్చికెళ్లే ప్రతి ఆదివారం వాళ్ల వీధి ముందు నుంచే వెళ్తున్నాను, ఇంకా ఆగలేదు.

మొన్న నా వంతు వచ్చింది. చదవడం మొదలుపెట్టాక కాసేపటికి కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. నేను ఆగలేదు. వేలు నొక్కుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. గొంతు పెంచి చివరిదాకా చదివేసి, అలవాటుగా తలెత్తి గుమ్మం వైపు చూశాను. కుర్చీ అక్కడే ఉంది. అందులో ఎవరూ లేరు. అక్కడిదాకా వినపడిందో లేదో నాకు తెలియలేదు.